మొక్క పని, గవాచి పని

ఆత్మకూర్‌లో ఏ వాడకు పోయినా దర్వాజ పైన తలకిందులుగా వేలాడే కలబంద కనిపిస్తుంది. ఇంటికి దిష్టి తగలొద్దని కడతారు. వేర్లు పైకి, ఆకులు కిందికి ఉంటాయి. మట్టి ఉండదు, ఎవరూ నీళ్లు పోయరు. పాలమూరు ఎండలు 42, 43 డిగ్రీలకు చేరినా అది నెలల తరబడి బతికే ఉంటుంది, కొన్నిచోట్ల ఆకుల కొనలు మెల్లగా పైకి వంగి వెలుతురు వైపు తిరుగుతాయి. అదే ఇంట్లోకి అడుగుపెడితే టీవీ పక్కన సీసాలో మనీ ప్లాంట్, మూలకు ఖాళీ పెయింట్ డబ్బాలో స్నేక్ ప్లాంట్ ఉంటాయి. వాటిని దిష్టి కోసం పెట్టలేదు. అవి రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇస్తాయని, ఊపిరితిత్తులకు, గుండెకు మంచివని ఫోన్లో వచ్చిన సందేశాలు చెప్పాయి. మొక్కల బండివాళ్లు కూడా అదే చెప్పి అమ్ముతున్నారు.

నేను చెప్పే ఆత్మకూర్ వనపర్తి జిల్లాలోది. జూరాల ప్రాజెక్టుకు దగ్గరగా, ఒకప్పుడు అమరచింత సంస్థానానికి కేంద్రంగా ఉన్న ఊరు. పాత నల్లగొండలో ఇంకో రెండు ఆత్మకూర్లున్నాయి, సూర్యాపేట వైపు ఒకటి, యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒకటి. మూడింటిలోనూ ఇళ్లు మారుతున్న తీరు ఒకటే. మట్టి మిద్దెలు పోయి స్లాబు ఇళ్లు వచ్చాయి. మిద్దె నడుమ పొగ పోవడానికి, వెలుతురు రావడానికి వదిలే గవాచి కూడా మిద్దెతోపాటే పోయింది. ఇంట్లో గాలి గురించి ఆలోచించాల్సి వస్తే నేను మొక్క కంటే ముందు ఆ గవాచినే తలుచుకుంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు కలబంద దగ్గరికి పోవాలి.

చాలా మొక్కలు పగలు ఆకుల అడుగున ఉండే సన్నటి రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటాయి. రంధ్రం తెరిస్తే లోపలి తేమ బయటికి పోతుంది. ఎండ మండే చోట అది ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కలబంద, స్నేక్ ప్లాంట్, బ్రహ్మజెముడు లాంటివి పగలంతా రంధ్రాలు మూసుకుని, చల్లబడిన రాత్రి తెరుస్తాయి. రాత్రి తెచ్చుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి, గాదెలో గింజలు పోసినట్టు ఆకులో దాచుకుంటాయి. తెల్లవారి ఎండ వచ్చాక, రంధ్రాలు మూసే ఉంచి, ఆ దాచిందాన్ని తీసి చక్కెర తయారు చేసుకుంటాయి. దర్వాజ మీది కలబంద నీళ్లు లేకుండా నెలలు గడపడానికి ఇదే కారణం.

ఈ సంగతి మొదట కనిపెట్టింది నాలుక. రణపాల మనకు తెలిసిన మొక్కే, ఆకు కింద పడితే అంచుల వెంట పిల్ల మొక్కలు లేస్తాయి. బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉండడం గమనించి 1813లో ఒక ఉత్తరంలో రాశాడు. హైన్ మనకు మరీ దూరపువాడు కాదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1790లలో సామర్లకోటలో కంపెనీ తోటలు చూసుకున్నవాడు. రాత్రి కూడిన ఆమ్లం పగలు ఖర్చయిపోతున్నదని తేలడానికి ఆ తర్వాత చాలా కాలం పట్టింది. ఆకు రుచిలో తేడాను పట్టించుకున్న ఆ చూపు మాత్రం గొప్పది.

ఇప్పుడు ఆక్సిజన్ మాట. మొక్క ఆక్సిజన్ వదలాలంటే నీటి అణువును విడగొట్టాలి, దానికి వెలుతురు కావాలి. వెలుతురు లేని గదిలో ఏ మొక్కా ఆక్సిజన్ తయారు చేయదు. కలబందైనా, తులసైనా, స్నేక్ ప్లాంటైనా ఇంతే. కలబంద, స్నేక్ ప్లాంట్ లాంటివి రాత్రి చేసేది కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తీసుకోవడం మాత్రమే. ‘రాత్రి పీల్చుకుంటుంది’ అన్న నిజం నోళ్లలో నలిగి ‘రాత్రి ఆక్సిజన్ ఇస్తుంది’ అయింది. దీనికి సరిగ్గా ఎదురు భయం కూడా మన పల్లెల్లో ఉంది. రాత్రిపూట చింతచెట్టు కింద పడుకుంటే దెయ్యం గుండె మీద కూర్చుంటుందని పెద్దలు అనేవారు. తర్వాత చదువుకున్నవాళ్లు దానికి శాస్త్రం జోడించి, చెట్టు వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల ఊపిరాడదన్నారు. ఆరుబయట గాలిలో అది లెక్కలోకి రాదు. గదిలో కుండీ మొక్క రాత్రంతా వదిలేది కూడా పక్కన పడుకున్న మనిషి వదిలేదానితో పోలిస్తే అత్యల్పం.

అసలు గదిలో ఆక్సిజన్ కరువు ఉందా అన్నది ముందు చూడాలి. పది అడుగులకు పన్నెండు అడుగుల గది, పది అడుగుల ఎత్తు. అందులో దాదాపు 34 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. ఇద్దరు మనుషులు తలుపులు బిగించుకుని ఎనిమిది గంటలు నిద్రపోయినా, గాలిలో నూటికి 21 పాళ్లుండే ఆక్సిజన్ ఒక్క పాలు కూడా తగ్గదు. పెరిగేది కార్బన్ డయాక్సైడ్. పొద్దున తల బరువుగా ఉన్నదంటే దాన్ని అనుమానించాలి. మనిషి గంటకు సగటున 40 గ్రాముల దాకా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. మంచి వెలుతురులో ఉన్న చదరపు మీటరు ఆకు గంటకు ఒక గ్రాము లోపే తీసుకుంటుంది. అంటే ఒక్క మనిషి శ్వాసకు సరిపోవాలంటే పట్టపగలు, కిటికీ పక్కనే, 40, 50 చదరపు మీటర్ల ఆకు కావాలి. గది మూలన ఉండే మసక వెలుతురులో అయితే దానికి ఎన్నో రెట్లు. పెయింట్ డబ్బాలోని స్నేక్ ప్లాంటుకు ఉండేది పది, పన్నెండు ఆకులు. కిటికీ ఒక అడుగు తెరిస్తే ఈ లెక్కే అక్కర్లేదు.

మరి ఇంత నమ్మకం ఎక్కడినుంచి పుట్టింది? అమెరికా అంతరిక్ష సంస్థ నాసా నుంచే. 1973లో ఎగిరిన స్కైలాబ్ లోపలి గాలిలో వందకు పైగా రసాయన ఆవిర్లు ఉన్నట్టు కనిపెట్టారు. మూసి ఉన్న నౌకలో వాటిని వదిలించుకోవడం ఎట్లా అన్న ఆలోచనతో బిల్ వుల్వర్టన్ అనే శాస్త్రవేత్త మిసిసిపి రాష్ట్రంలోని స్టెన్నిస్ కేంద్రంలో ప్రయోగాలు చేశాడు. గాలి చొరబడని పారదర్శకమైన పెట్టెల్లో మొక్కలు పెట్టి, బెంజీన్, ఫార్మాల్డిహైడ్, ట్రైక్లోరోఇథిలీన్ వదిలి, ఒక రోజులో ఎంత తగ్గిందో కొలిచాడు. తగ్గింది. 1989లో వెలువడిన ఆ నివేదికే తర్వాత ప్రపంచమంతా ‘గాలిని శుభ్రం చేసే మొక్కల జాబితా’ అయి తిరిగింది. ఆ ప్రయోగం తప్పు కాదు. మూసిన పెట్టెలో జరిగినదాన్ని ఇంటికి అన్వయించడంలోనే పొరపాటు జరిగింది. ఆకుల కంటే కుండీ మట్టిలోని సూక్ష్మజీవులే ఎక్కువ పని చేస్తున్నాయని వుల్వర్టన్ స్వయంగా గమనించి, ఫ్యాన్‌తో గాలిని వేర్ల గుండా, బొగ్గు గుండా పంపే ఏర్పాటు కూడా ప్రయత్నించాడు. ఆ భాగం జాబితాలో ఎవరూ రాయలేదు.

2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం నుంచి కమింగ్స్, వేరింగ్ అనే ఇద్దరు ఈ తరహా అధ్యయనాలు పన్నెండు తీసుకుని, వాటిలోని 196 ప్రయోగ ఫలితాలను ఒకే కొలతలోకి మార్చారు. ఒక కుండీ మొక్క గంటకు ఎంత గాలిని శుభ్రం చేయగలదు? మధ్యస్థ విలువ 0.023 ఘనపు మీటర్లు, అంటే 23 లీటర్లు. మన 34 ఘనపు మీటర్ల గదికి అన్వయించి చూడండి. గదిలోని గాలి గంటకు ఒక్కసారి మారినంత ఫలితం మొక్కలతో రావాలంటే దాదాపు 1,500 కుండీలు పెట్టాలి. తలుపు, కిటికీ ఎదురెదురుగా తెరిచి ఉంటే ఆ గాలి గంటకు అనేకసార్లు దానంతటదే మారిపోతుంది.

ఢిల్లీ ఉదాహరణ కూడా తరచూ వినిపిస్తుంది. నగరపు గాలి పడక ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గిపోయిన కమల్ మీటిల్ అనే ఆయన, అరెకా పామ్, స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ అనే మూడు రకాలతో తన కార్యాలయ భవనాన్ని నింపాడు. 300 మందికి 1,200 మొక్కలు. 2009లో ఆయన చేసిన చిన్న ప్రసంగం లక్షల మంది చూశారు. ఆ భవనంలో గాలిని కడిగి, వడపోసే యంత్రాలు కూడా నడుస్తాయి. ఆ యంత్రాలను పక్కన పెట్టి మూడు మొక్కల పేర్లే మన చేతికి వచ్చాయి. మనీ ప్లాంట్ మీద నిజంగా ఆశ పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కుందేలు కాలేయంలో పనిచేసే ఒక జన్యువును మనీ ప్లాంట్‌లోకి చేర్చి, అది బెంజీన్, క్లోరోఫామ్‌లను విరగ్గొట్టగలదని 2018 చివర్లో చూపించారు. వాళ్లు కూడా గాలిని ఆకుల మీదికి తోసే ఫ్యాన్ ఉండాలన్నారు. గాలి తనంతట తాను వచ్చి ఆకును తాకడం అంత నెమ్మది.

ఆత్మకూర్ ఇంట్లో గుండెకు, ఊపిరితిత్తులకు హాని చేసేవాటిలో నేను ముందు లెక్కపెట్టేది పొగను, సన్నటి ధూళిని. మనిషి వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా లేని రేణువులను పీఎం 2.5 అంటారు. ముక్కు, గొంతు వాటిని ఆపలేవు. నేరుగా ఊపిరితిత్తుల చివరన ఉండే గాలి తిత్తుల దాకా పోతాయి. అక్కడ కాపలా కణాలు వాటిని మింగి, అరాయించుకోలేక, వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. ఆ రసాయనాలు రక్తంలో కలిసి రక్తనాళాల లోపలి పొరను చికాకు పెడతాయి. నాళాలు బిగుసుకుంటాయి, కొవ్వు పేరుకోవడం త్వరపడుతుంది, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. దగ్గు, ఆయాసం బయటికి కనబడతాయి గనుక పొగ అంటే ఊపిరితిత్తుల బాధే అనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2020లో ఇంటి లోపలి పొగ వల్ల పోయిన ప్రాణాలు 32 లక్షలు. వాటిలో దాదాపు మూడో వంతు గుండె రక్తనాళాల జబ్బువి. పక్షవాతం వాటా ఇంకో 23 శాతం.

ఈ విషయంలో మనం ఎక్కడో దూరదేశపు అధ్యయనం మీద ఆధారపడాల్సిన పని లేదు. హైదరాబాద్‌కు ఆనుకుని ఉన్న రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ 1987లో గర్భిణులకు, పిల్లలకు అనుబంధ పోషకాహారం ఇచ్చి ఒక పరీక్ష మొదలుపెట్టింది. ఆ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులే తర్వాతి దశాబ్దాల్లో ఒక పెద్ద ఆరోగ్య అధ్యయనంగా కొనసాగారు. 2015 తర్వాత బార్సిలోనాకు చెందిన పరిశోధన సంస్థ ఒకటి హైదరాబాద్ శాస్త్రవేత్తలతో కలిసి ఆ 28 పల్లెల్లో గాలిని, గుండెను కలిపి పరిశీలించింది. ‘చాయ్’ అనే పొట్టి పేరుతో నడిచిన ఆ పరిశోధనకు కేథరిన్ టోన్ నాయకత్వం వహించారు. కొందరి ఒంటికి ధూళి కొలిచే చిన్న యంత్రం తగిలించారు, మెడలో కెమెరా వేశారు. ఏ పూట, ఏ పని దగ్గర, ఎంత ధూళి లోపలికి పోతున్నదో అట్లా తెలిసింది. మగవాళ్లకు రాకపోకలు, చేసే పని ముఖ్యమైతే, ఆడవాళ్లకు వంట పొయ్యే ముఖ్యమైంది.

అక్కడి బయటి గాలిలోనే పీఎం 2.5 సగటు ఘనపు మీటరుకు 33 మైక్రోగ్రాముల దగ్గర ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5. మన దేశపు హద్దు 40. అంటే మన చట్టం ప్రకారం ఆ పల్లెల గాలి బాగున్నట్టే. అయినా ఆడవాళ్లలో, ధూళి ఎక్కువున్న చోట నివసించేవాళ్ల రక్తపోటు ఎక్కువగా కనిపించింది. మెడలోని ప్రధాన రక్తనాళపు గోడ మందాన్ని స్కాన్‌తో కొలిచినప్పుడు, కట్టెల పొయ్యి వాడే ఇళ్లలో ఆ మందం కాస్త ఎక్కువ ఉండే ధోరణి కనిపించింది. పొగ పోయే దారి లేని పొయ్యి దగ్గర వండే ఆడవాళ్లలో తేడా ఇంకా పెద్దది. ఆ అంకెలు తిరుగులేని రుజువు అనదగినంత బిగువైనవి కావు, కానీ అవి చూపే దిక్కు స్పష్టం. ఇదే జనంలో ధూళి ఎక్కువున్న చోట ఎముకల సాంద్రత తక్కువగా ఉన్నదని 2020లో మరో వ్యాసం చెప్పింది.

ఇల్లాలు పొయ్యి ముందు కూర్చుని కంది కట్టె, పత్తి కట్టె పెట్టి రొట్టెలు కాల్చడం ఇప్పుడు తగ్గింది. వంటగ్యాస్ కోసం 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, 2024 ఫిబ్రవరి చివర్లో తెలంగాణలో అయిదు వందలకు సిలిండర్ మొదలైంది. గ్యాస్ పొయ్యి లేని ఇల్లు అరుదు. కానీ స్నానాల నీళ్లు, జొన్న రొట్టెలు, పండగకు పెద్ద వంటలు చాలా ఇళ్లలో ఇంకా కట్టెల మీదే. చేనులో ఊరికే దొరికే కంది కట్టె ఉండగా సిలిండర్ ఎందుకు ఖాళీ చేయడం అన్న లెక్క పేద ఇంటికి సహజం. దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. ఆ కట్టెల పొయ్యి గోడ అవతల, చూరు కింద, ఆరుబయట ఉంటే చాలు, పొగలో పెద్ద భాగం ఇంటిని వదిలి పోతుంది.

దోమల కాయిల్ సంగతి వేరు. దాన్ని మనం కావాలనే పడకగదిలో, తలుపులు మూసి వెలిగిస్తాం. చైనా, మలేషియా కాయిళ్లను పరీక్షించిన పరిశోధకులు 2003లో రాసిన ప్రకారం ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే పీఎం 2.5 బరువు 75 నుంచి 137 సిగరెట్లు కాలినంత. నాసా ప్రయోగాల్లో పెట్టెలోకి వదిలిన ఫార్మాల్డిహైడ్ గుర్తుందా? అది కూడా ఒక కాయిల్ నుంచి 51 సిగరెట్లకు సమానమైనంత దాకా వెలువడుతుంది. తాత ఆయాసంతో బాధపడుతున్నాడని మంచం పక్కన స్నేక్ ప్లాంట్ పెట్టి, మంచం కింద కాయిల్ వెలిగించే ఇల్లు ఉన్నదంటే ఆ తాత కొడుకుకు ప్రేమ లేక కాదు. ఏది ఎంత అన్న అంకె అతనికి ఎవరూ చెప్పలేదు. దోమతెర కొనడం మొక్క కొన్నంత అందంగా ఉండదేమో గాని, తాత ఊపిరితిత్తులకు అదే మేలు చేస్తుంది.

ఇంతదాకా చదివినవాళ్లు మొక్కలు దండగ అనుకుంటే అది కూడా తప్పవుతుంది. మొక్క గుండెకు చేసే మేలు గాలి ద్వారా కాక, కంటి ద్వారా, చేతుల ద్వారా అందుతుంది. దీనికి ఆధారాలు మెల్లగా పోగవుతున్నాయి. వీటిలో మొదట చెప్పుకునేది రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో ‘సైన్స్’ పత్రికలో అచ్చువేసిన చిన్న వ్యాసం. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం తీయించుకున్న రోగుల రికార్డులు తీసి, 23 జతలుగా పోల్చాడు. ఒకరి కిటికీలోంచి చెట్లు కనబడేవి, మరొకరికి ఇటుక గోడ. చెట్లు కనబడినవాళ్లు సగటున 7.96 రోజుల్లో ఇంటికి పోయారు, గోడ కనబడినవాళ్లు 8.70 రోజుల్లో. ఘాటైన నొప్పి మందులు కూడా మొదటివాళ్లకు తక్కువ పట్టాయి.

కుండీ మొక్కల మీద నేరుగా జరిగిన పరీక్షలూ ఉన్నాయి. దక్షిణ కొరియా ఆస్పత్రిలో అపెండిక్స్ ఆపరేషన్ అయిన 90 మందిలో కొందరి గదుల్లో మొక్కలు పెట్టి, కొందరికి పెట్టకుండా చూశారు పార్క్, మ్యాట్సన్ అనే పరిశోధకులు. మొక్కలున్న గదుల్లో రోగుల పై రక్తపోటు, గుండె వేగం తక్కువగా ఉన్నాయి, నొప్పి, ఆందోళన తక్కువని చెప్పారు. 2008లో వచ్చింది ఈ వ్యాసం. 2015లో కొరియా, జపాన్ పరిశోధకులు 24 మంది యువకులకు రెండు పనులిచ్చారు. ఒకటి మొక్కను కుండీ మార్చి నాటడం, ఇంకోటి కంప్యూటర్ మీద పని. నాటిన తర్వాత కింది రక్తపోటు తగ్గింది, మనిషిని ఉరుకులు పెట్టించే నాడీ వ్యవస్థ నెమ్మదించింది.

ఇవి చిన్న పరీక్షలు. గదిలో మొక్క ఉందో లేదో రోగికి కనబడుతూనే ఉంటుంది గనుక మందుల పరీక్షలో లాగా రోగికి తెలియకుండా చేయడం కుదరదు. పువ్వు చూసి మనసు కుదుటపడిందా, ఎవరో తన కోసం పెట్టారన్న భావనకు కుదుటపడిందా అని విడదీయడం కూడా కష్టమే. కాని రెండూ మంచివే కదా అనిపిస్తుంది నాకు. రక్తపోటు మందు వేసుకునే మనిషి మొక్కను నమ్ముకుని మందు మానకుండా ఉంటే చాలు. పొద్దున్నే తులసి గద్దె చుట్టూ ఊడ్చి, చెంబెడు నీళ్లు పోసి, ఎండిన కొమ్మ తుంచి, ఒక నిమిషం నిలబడే ముసలమ్మ గుండెకు ఆ పది నిమిషాలు మేలు చేస్తాయని నేను నమ్ముతాను. తులసి ఓజోన్ వదులుతుందని చెప్పి ఆమెను ఒప్పించాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు.

మేలు గురించి చెప్పి కీడు చెప్పకపోతే సగమే చెప్పినట్టు. మనీ ప్లాంట్ సీసాలో నీళ్లు మార్చకపోతే డెంగీ దోమకు అంతకంటే అనువైన చోటు ఉండదు. ఈడిస్ దోమ గుడ్డు సీసా గోడకు అంటుకుంటుంది, నీళ్లు ఎండినా నెలలు బతికి ఉంటుంది, మళ్లీ నీళ్లు తగిలితే పురుగై, వారం పది రోజుల్లో దోమై ఎగురుతుంది. కాబట్టి వారానికోసారి నీళ్లు పారబోయడమే కాక సీసా లోపల పీచుతో రుద్దాలి. కుండీ కింది పళ్లెం కూడా అంతే. ఇంట్లో డెంగీ దోమ పుట్టించి, దాన్ని తరమడానికి కాయిల్ వెలిగించి, ఆ పొగకు విరుగుడుగా ఇంకో మొక్క తెచ్చే చక్రంలో ఇల్లు పడకూడదు. ఎప్పుడూ తడిగా ఉండే కుండీ మట్టి మీద బూజు పడుతుంది, ఉబ్బసం ఉన్న పిల్లల పడకగదికి అది మంచిది కాదు.

గుండెకు నేరుగా హాని చేసే మొక్కలు కూడా మన వాకిట్లోనే ఉన్నాయి. గన్నేరు, పచ్చ గన్నేరు రెండింటిలోనూ గుండె కండరంలోని సోడియం పంపును ఆపే విషాలున్నాయి. గుండె వేగం పడిపోతుంది, లయ తప్పుతుంది. పచ్చ గన్నేరు కాయ పసిపిల్లల చేతికి అందే చోట ఉండకూడదు. హైన్ రుచి చూసిన రణపాలలో కూడా ఇటువంటి పదార్థాలే కొన్ని ఉన్నాయి. ఆ జాతి మొక్కలు మేసి ఆస్ట్రేలియాలో పశువులు గుండె ఆగి చనిపోయాయి. మూత్రపిండాల్లో రాళ్లకని రోజూ గుప్పెడు రణపాల ఆకు నమిలే అలవాటు మన దగ్గర ఉంది. గుండె జబ్బుకు మందులు వాడేవాళ్లు అది చేసేముందు డాక్టరుతో చెప్పాలి.

నన్ను అడిగితే ఆత్మకూర్ లాంటి ఊళ్లో మొక్క గుండెను కాపాడగలిగేది గది లోపల కంటే గోడ బయట. మే నెలలో స్లాబు ఇల్లు రాత్రి పది దాటినా సెగలు కక్కుతుంది. ఒంటిని చల్లబరచడానికి గుండె రక్తాన్ని చర్మం వైపు ఎక్కువగా తోయాలి, వేగంగా కొట్టుకోవాలి. ముసలివాళ్లకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు వడదెబ్బ కాలం అందుకే గండం. ఆకు నీటిని ఆవిరి చేసినప్పుడు లీటరుకు దాదాపు 2,400 కిలోజూళ్ల వేడి తీసుకుపోతుంది. కరెంటు లెక్కలో అది యూనిట్‌లో మూడింట రెండు వంతులు. రోజుకు పది లీటర్లు ఆవిరి చేసే పందిరి పడమటి గోడకు అడ్డంగా ఉంటే, నీడ ఒకవైపు, ఈ చల్లదనం ఒకవైపు కలిసి వస్తాయి. బీర, సొర, చిక్కుడు పందిళ్లు వాకిట్లో వేసుకోవడం మన పెద్దలకు అలవాటే. సిమెంటు వాకిళ్లు వచ్చాక అవి పోయాయి.

చెట్లు పెంచితే గుండె జబ్బు నిజంగా తగ్గుతుందా అన్న ప్రశ్నను అమెరికాలోని లూయీవిల్ నగరంలో నేరుగా పరీక్షిస్తున్నారు. లూయీవిల్ విశ్వవిద్యాలయంలో గుండె పరిశోధకుడు అరుణి భట్నాగర్ నాయకత్వంలో 2018లో మొదలైన ఈ ప్రయత్నంలో, పెద్ద రోడ్డు పక్కన ఉన్న పేటల్లో ఎనిమిది వేలకు పైగా చెట్లు, పొదలు నాటారు. నాటడానికి ముందు, తర్వాత అక్కడివాళ్ల రక్తం పరీక్షించారు. 2024 ఆగస్టులో చెప్పిన తొలి ఫలితాల ప్రకారం, చెట్లు పెరిగిన పేటల్లోవాళ్ల రక్తంలో వాపును సూచించే సి రియాక్టివ్ ప్రోటీన్, చెట్లు నాటని పేటలవాళ్లతో పోలిస్తే 13 నుంచి 20 శాతం తక్కువ. పొగ రేణువులు రక్తనాళాల్లో రగిలించే వాపుకు ఇదే గుర్తు. ఇదంతా పెద్ద మొక్కలు, వేల సంఖ్యలో, ఆరుబయట నాటితే వచ్చిన ఫలితం.

తెలంగాణలో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం 2015 జూలైలో మొదలైంది. ఊరూరా నర్సరీలు లేచాయి, మొక్కలు ఉచితంగా దొరికాయి. ఇప్పుడు ఇళ్ల నిర్మాణం జరుగుతున్న వాడల్లో ఆ మొక్కల్లో ఎన్ని ఏ గోడ పక్కన బతికాయో చూడాలి. కొత్త ఇల్లు కట్టేటప్పుడే గోడ అవతల పొయ్యికి చోటు, వంటింట్లో ఎత్తున గాలి కిటికీ, పడకగదికి ఎదురెదురు కిటికీలు మేస్త్రీతో చెప్పి పెట్టించుకుంటే గవాచి చేసిన పని మళ్లీ జరుగుతుంది. ఉన్న కిటికీకి కుండీలు అడ్డం పెట్టొద్దు. తొలకరి పడ్డాక పడమటి వైపు గోడకు పది, పన్నెండు అడుగుల దూరంలో మోకాలి లోతు గుంత తీసి ఒక వేపనో కానుగనో నాటి, మూడు ఎండాకాలాలు నీళ్లు పోస్తే, ఆ తర్వాత అది ఈ నేలలో తన దారి తాను చూసుకుంటుంది.